ఒక్క కామా లేక 50 లక్షల డాలర్లు

[తెరపై: తెల్లవారుజామున వీధిలో ఆగిన పాల వ్యాన్]

ఇంగ్లిష్ గ్రామర్ నేర్చుకుంటే డబ్బులొస్తాయా? అమెరికాలో కొందరు పాల వ్యాన్ డ్రైవర్లకు వచ్చాయి.

మెయిన్ అనే రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఓక్‌హర్స్ట్ డెయిరీ ఉంది. తమకు ఓవర్‌టైమ్ ఇవ్వడం లేదని అక్కడి డ్రైవర్లు 2014లో కోర్టుకెళ్లారు. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు జీతం ఇవ్వాలి. కానీ పాడైపోయే ఆహార పదార్థాలకు సంబంధించిన కొన్ని పనులకు ఆ రూలు వర్తించదు. ఏయే పనులకంటే...

[తెరపై: చట్టంలోని మాటలు, ఒక్కొక్కటిగా]

"క్యానింగ్, ప్రాసెసింగ్, ప్రిజర్వింగ్, ఫ్రీజింగ్, డ్రైయింగ్, మార్కెటింగ్, స్టోరింగ్, ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్."

[తెరపై: 'షిప్‌మెంట్' తర్వాత ఖాళీ జాగా ఎర్రగా మెరుస్తుంది]

'షిప్‌మెంట్' తర్వాత కామా లేదు. ఉంటే పంపిణీ విడి పనేనని తేలిపోయేది. డెయిరీ ఏమంది? ప్యాకింగ్ ఒక పని, పంపిణీ ఇంకో పని, రెండూ మినహాయింపులోనే ఉన్నాయి, కాబట్టి పంపిణీ చేసే డ్రైవర్లకు ఓవర్‌టైమ్ లేదు అంది. డ్రైవర్లేమో అక్కడున్నది ఒక్కటే పని అన్నారు: రవాణా కోసమో, పంపిణీ కోసమో ప్యాక్ చేయడం. మేం ప్యాక్ చేయం, బండి నడుపుతాం!

వాళ్ల వాదనలో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. లిస్టులో పనులన్నీ 'ఇంగ్'తో ముగుస్తున్నాయి. డిస్ట్రిబ్యూషన్ మాత్రం అలా లేదు. అది విడిగా ఒక పనైతే 'డిస్ట్రిబ్యూటింగ్' అని ఉండాలిగా? హైస్కూల్లో మార్కుల కోసం బట్టీపట్టి వదిలేసిన పాఠమే ఇది. అయితే డెయిరీ వైపూ పాయింటుంది. ప్యాకింగే చివరి పనైతే, దానికి ముందు 'ఆర్' ఏది?

కింది కోర్టు డెయిరీ వైపు తీర్పిచ్చింది. 2017 మార్చిలో బోస్టన్‌లోని అప్పీళ్ల కోర్టు దాన్ని తిరగేసింది. డ్రైవర్లు చదివిందే కరెక్ట్ అని మాత్రం అనలేదు. వాక్యానికి రెండు అర్థాలొస్తున్నాయి, అలాంటప్పుడు జీతాల చట్టాన్ని కార్మికుడికి మేలు జరిగేలా చదవాలి అంది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

ఇప్పుడు మన సంగతి. అందరం స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులకు పరిగెడతాం, రాసింది మళ్లీ చదివే ఓపిక మాత్రం ఉండదు. స్పెల్ చెక్ చేశాంలే అంటాం. ఆ చట్టంలో స్పెల్లింగ్ తప్పు ఒక్కటీ లేదు మరి!

[తెరపై: క్లయింట్‌కు రాసిన మెయిల్]

"ఐ విల్ ప్రొవైడ్ ట్రెయినింగ్ అండ్ సపోర్ట్ ఫర్ త్రీ మంత్స్" అని క్లయింట్‌కు రాశారనుకోండి. మూడు నెలలు సపోర్ట్‌కేనా, ట్రెయినింగ్‌కు కూడానా? మీకు తెలుసు. బిల్లు కట్టేవాడు తనకు లాభమొచ్చేలా చదువుకుంటాడు. అందుకే పంపేముందు ఒకసారి ఆయన కళ్లతో చదవండి. తేడా కనిపిస్తే కామాలతో కుస్తీ పట్టక్కర్లేదు, రెండు వాక్యాలు చేసేయండి.

[తెరపై: పాత వాక్యం పక్కన కొత్త వాక్యం]

అన్నట్టు, తీర్పు తర్వాత మెయిన్ రాష్ట్ర చట్టసభ ఆ వాక్యాన్ని తిరగరాసింది. కామాలు తీసేసి సెమీకోలన్లు పెట్టింది, డిస్ట్రిబ్యూషన్‌ను 'డిస్ట్రిబ్యూటింగ్' చేసింది. ఇప్పుడు అర్థం ఒక్కటే: పంపిణీ కూడా మినహాయింపులోదే. ఈ సవరణతో లాభం డెయిరీలకే.