వర్చువల్ అసిస్టెంట్ ప్లాన్ రివ్యూ: మనిషి బంగారం, పేచీ అంతా ఓటీపీ దగ్గరే

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నాం: ఈ వీడియో కోసం ఒక వీఏ ఏజెన్సీ 20 గంటల ట్రయల్ ఉచితంగా ఇచ్చింది. వీఏ అంటే వర్చువల్ అసిస్టెంట్, ఎక్కడో కూర్చుని ఆన్‌లైన్‌లోనే మన పనులు చేసిపెట్టే మనిషి. డబ్బులు తీసుకోలేదు, స్క్రిప్ట్ వాళ్లకి చూపించలేదు. చూపించి ఉంటే ఈ వీడియో మీదాకా వచ్చేది కాదేమో!

ప్లాన్‌లో ఎన్ని గంటలు, ఏయే సాఫ్ట్‌వేర్లు వచ్చు, ఎన్ని భాషలు మాట్లాడతారు, ఇవన్నీ బ్రోచర్‌లో మీరు చూసే ఉంటారు. మళ్లీ చదివి మీ టైం తినను. నేరుగా పనిలోకి వెళ్దాం.

టెస్ట్‌కి తీసుకున్నది మంగళగిరి చీరలు వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో అమ్మే చిన్న షాపు. రోజుకి పాతిక ముప్పై ఎంక్వైరీలు, ఎనిమిది పది పార్సిళ్లు. మెసేజ్‌లలో సగం రాత్రిపూటే వస్తాయి. మనకి రాత్రి 10 అయితే డాలస్‌లో ఎండాకాలం పొద్దున 11:30, చలికాలం 10:30. మనవాళ్లు అక్కడ కాఫీ తాగుతూ చీరలు చూస్తుంటారు, ఇక్కడ షాపామె నిద్రకి ఆగలేక ఆవలిస్తుంటుంది. వీఏ అవసరం ఎక్కడ మొదలవుతుందంటే అక్కడ. అందుకే సాయంత్రం 6 నుంచి రాత్రి 10 షిఫ్ట్ అడిగాం, ఇచ్చారు. దానికి ఒక మార్కు.

ఇప్పుడు ఏజెన్సీ మాకిచ్చిన వీఏ అమ్మాయి పని చూద్దాం. స్క్రీన్ మీద చాట్ పెడుతున్నా. కస్టమర్ అడిగింది: "అక్కా ఈ పచ్చది ఉందా, నిజాం బోర్డర్ పెద్దది కావాలి, బ్లౌజ్ కూడా వస్తదా." మొదటి రోజు మనవైపు నుంచి వెళ్లిన జవాబు: "డియర్ కస్టమర్, గ్రీటింగ్స్ ఆఫ్ ద డే! థాంక్యూ ఫర్ రీచింగ్ అవుట్." అంతే, కస్టమర్ మాయం. అక్కా అని పిలిచిన మనిషికి బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చినట్టుంటే ఎవరుంటారండీ?

తప్పు ఆ అమ్మాయిది కాదు. షాపు వాళ్లు ఎలా మాట్లాడతారో ఆమెకి ఎవరూ చూపించలేదు. పాత చాట్‌లలోంచి పేర్లూ నంబర్లూ తీసేసి, 14 అసలు జవాబులు ఒక డాక్యుమెంట్‌లో పెట్టి ఇచ్చాం. మూడో రోజు జవాబు చూడండి: "ఉందండీ. ఇది చిలకపచ్చ, ఎండలో తీసిన ఫొటో పంపుతున్నా. బ్లౌజ్ ఇదే రంగులో వస్తుంది. పెద్ద బోర్డర్ ఇందులో లేదు, ఇదే పచ్చలో ఇంకో చీర ఉంది, చూస్తారా?" లేనిదాన్ని లేదని చెప్పి, ఉన్నదాన్ని చూపించింది. షాపులో కూర్చున్న మనిషి కూడా ఇంతకంటే ఏం చెబుతుంది?

వీఏ వచ్చేలోపు మీరు చేసుకోవాల్సినవి రెండున్నాయి. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసిపెట్టుకునే జవాబులు, 50 దాకా పెట్టుకోవచ్చు, స్లాష్ కొట్టగానే వస్తాయి. అందులో ధరలు మాత్రం పెట్టకండి. రేటు మారాక పాత రిప్లై వెళ్తే ఆ రేటుకే ఇవ్వాల్సొస్తుంది. ధర కేటలాగ్‌లోనే ఉండాలి. చాట్‌లకి తగిలించే లేబుల్స్ 20 దాకా వస్తాయి గానీ అయిదు చాలు: అడిగారు, డబ్బు రావాలి, డబ్బు వచ్చింది, పార్సిల్ వెళ్లింది, తిరిగొచ్చింది. పొద్దున లేచి "డబ్బు రావాలి" ఒక్కటి తెరిస్తే రాత్రి ఏం జరిగిందో తెలిసిపోతుంది.

మనిషిని తీసుకునే ముందు పెట్టాల్సిన పరీక్ష ఒకటి చెబుతా. ఇంటర్వ్యూ కంటే ఇది మేలు. గంట పని ఇవ్వండి, ఆ గంటకి డబ్బులివ్వండి. కల్పిత పేర్లతో 40 ఆర్డర్ మెసేజ్‌లిచ్చి షీట్‌లోకి ఎక్కించమనండి. అందులో మూడు తప్పులు కావాలనే పెట్టండి. ఒకదాంట్లో పిన్‌కోడ్ ఉండదు. ఇంకో ఆర్డర్ రెండుసార్లు వస్తుంది. మూడోదాంట్లో అడ్రస్ నెల్లూరు, పిన్‌కోడ్ మాత్రం 6తో మొదలవుతుంది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక పిన్‌లు 5తో మొదలవుతాయి, 6 అంటే తమిళనాడు, కేరళ వైపు. ఆ పార్సిల్ ఎటో తిరిగి తిరిగి మీ ఇంటికే వస్తుంది, రెండువైపులా చార్జీ మీకే. తప్పు పట్టుకుని "ఇది ఒకసారి కనుక్కుంటారా?" అని అడిగేవాళ్లు కావాలి మనకి. తనకి తోచినట్టు దిద్దేసే మనిషి అసలు గమనించని మనిషి కంటే ప్రమాదం. మన అమ్మాయి మూడూ పట్టుకుని, మూడింటికీ అడిగింది.

పొరపాటు జరిగింది ఎక్సెల్ దగ్గర. యూపీఐ రిఫరెన్స్ నంబర్ 12 అంకెలు. మామూలు సెల్‌లో పెడితే ఎక్సెల్ దాన్ని 5.23ఈ ప్లస్ 11 అని చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే మిగతా అంకెలు పోయినట్టే, ఇక తిరిగి రావు. తర్వాత ఏ కస్టమర్ డబ్బు ఏదో బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో కలపలేరు. పేస్ట్ చేసేముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చాలి, చేశాక మారిస్తే లాభం లేదు. డబ్బు వచ్చిందా లేదా అన్నదానికి కస్టమర్ పంపిన స్క్రీన్‌షాట్ రుజువు కాదని మొదటి రోజే చెప్పండి. నకిలీ స్క్రీన్‌షాట్ చేసిచ్చే యాప్‌లు ఎన్నో.

కొరియర్ పని ఆమెకి బాగా వచ్చు. ఒక్క ఉదాహరణ. కొరియర్ వాళ్లు అసలు బరువు, డబ్బా సైజుని బట్టి లెక్కేసే బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. 30, 25, 8 సెంటీమీటర్ల డబ్బా తీసుకోండి. మూడూ గుణిస్తే 6000, దాన్ని 5000తో భాగిస్తే 1.2 కేజీ. లోపల చీర అరకేజీ పైచిలుకే అయినా, అరకేజీ శ్లాబుల్లో బిల్లు ఒకటిన్నర కేజీకి పడుతుంది. ఆమె అడిగిన ప్రశ్న: "డబ్బా ఎందుకండీ, కవర్‌లో పెట్టొచ్చు కదా?" ప్లాన్ డబ్బులు ఆ ఒక్క ప్రశ్నతో కొంత వెనక్కొస్తాయి.

ఇక్కడిదాకా వింటే నేనీ ప్లాన్ కొనమంటాననే అనుకుంటారు. ఆగండి. ఇప్పుడు ఓటీపీ సంగతి.

వీఏ ఎక్కడో కూర్చుని మీ షిప్పింగ్ ప్యానెల్, అంటే కొరియర్ బుక్ చేసే సైట్ తెరుస్తుంది. ఓటీపీ ఎక్కడికి వస్తుంది? మీ ఫోన్‌కి. మార్కెట్‌ప్లేస్ తెరుస్తుంది, మళ్లీ మీ ఫోన్‌కి. మీరు గుడిలో ఉన్నారు, ఫోన్ సైలెంట్‌లో ఉంది. చూసేసరికి గడువు అయిపోయింది, మళ్లీ పంపు, మళ్లీ అడుగు. మూడు రోజుల్లో 17 ఓటీపీలు లెక్కపెట్టాం. ఆమె మనకి అసిస్టెంటా, మనం ఆమెకి ఓటీపీ అసిస్టెంటా?

ఒకసారి లాగిన్ అయితే గుర్తుంచుకోవాలి కదా, రోజూ ఎందుకు అడుగుతోంది? కారణం ఉంది. ఈ ఏజెన్సీలో షిఫ్ట్ అవగానే కంప్యూటర్‌లో బ్రౌజర్ మొత్తం తుడిచేస్తామంటారు. భద్రతకి అది మంచిదే. కానీ లాగిన్‌ని గుర్తుపెట్టుకునే కుకీలు పోతాయి కాబట్టి వెబ్‌సైట్‌కి ప్రతి సాయంత్రం అది కొత్త కంప్యూటరే, కొత్త కంప్యూటర్ అంటే కొత్త ఓటీపీ.

దీనికి వాళ్లు చెప్పిన పరిష్కారం వినండి. పని మొదలయ్యేముందు మనకిచ్చే ఆన్‌బోర్డింగ్ చెక్‌లిస్ట్‌లో నాలుగో లైన్: "మీ ఫోన్‌లో ఎస్సెమ్మెస్ ఫార్వర్డింగ్ యాప్ వేసుకోండి." మీకొచ్చిన మెసేజ్‌ని దానంతటదే వీఏకి పంపే యాప్ అన్నమాట. ఇది రాసినవాళ్లకి ఒక దండం. ఆ యాప్‌కి ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇస్తే షిప్పింగ్ ఓటీపీ ఒక్కటే చదువుతుందా? బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, అన్నీ చదవగలదు. "ఓటీపీ" అన్న మాట పట్టుకుని ఫిల్టర్ పెట్టుకోండి అంటారు. బ్యాంకు మెసేజ్‌లో కూడా ఉండేది ఆ మాటే కదండీ!

సరైన దారి ఇది. ముందు, పాస్‌వర్డ్ పంచుకోవాల్సిన పనే లేకుండా ఎక్కడెక్కడ వేరే లాగిన్ ఇవ్వొచ్చో చూడండి. అమెజాన్ సెల్లర్ సెంట్రల్‌లో యూజర్ పర్మిషన్స్ ఉంటుంది. వీఏ సొంత మెయిల్‌తో, సొంత ఓటీపీతో వస్తుంది, ఆర్డర్లకి అనుమతిచ్చి పేమెంట్లు మూసేయొచ్చు. ఇన్‌స్టాకి, ఫేస్‌బుక్ పేజీకి మెటా బిజినెస్ సూట్‌లో మనిషిని చేర్చి, మెసేజ్‌ల పని ఒక్కటే ఇవ్వొచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేజీ ఉంటే ఓనర్‌గా కాదు, మేనేజర్‌గా చేర్చండి. మేనేజర్ ఆ పేజీని తీసేయలేరు. కొత్తగా చేర్చినవాళ్లకి కొన్ని అధికారాలు 7 రోజుల దాకా రావు, కంగారు పడకండి. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకోవడానికి రేజర్‌పే లాంటి పేమెంట్ గేట్‌వే వాడుతుంటే టీమ్ మెంబర్‌కి రోల్ ఇవ్వండి. డబ్బు వచ్చిందో లేదో చూస్తారు, బ్యాంక్ జోలికి రారు.

వేరే లాగిన్ ఇవ్వని సైట్‌లో అథెంటికేటర్ యాప్ ఆప్షన్ ఉందేమో చూడండి, అంటే ఎస్సెమ్మెస్ లేకుండా యాప్‌లోనే కోడ్ వచ్చే పద్ధతి. ఉంటే ఆ కోడ్‌ని పాస్‌వర్డ్‌లు దాచే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్‌లో పెట్టి పంచుకోవచ్చు. అదీ లేకపోతే, వ్యాపారానికి ఇంకో సిమ్ తీసుకోండి. బ్యాంకుకీ ఆధార్‌కీ సంబంధం లేని సిమ్, ఒక పాత ఫోన్‌లో. ప్యానెళ్లన్నిటికీ ఆ నంబరే ఇవ్వండి. ఫార్వర్డింగ్ యాప్ వేయాలనే ఉంటే ఆ ఫోన్‌లో వేయండి, నాకు అభ్యంతరం లేదు. రీచార్జ్ మర్చిపోకండి, ఆ సిమ్ ఆగితే అన్ని ప్యానెళ్లూ ఒకేసారి ఆగుతాయి.

ఇక్కడే చాలామంది జారిపడే ఇంకో గుంట ఉంది, జీమెయిల్. డెలిగేషన్, అంటే పాస్‌వర్డ్ ఇవ్వకుండానే మీ మెయిల్ ఇంకొకరికి అప్పగించడం, మంచి సౌకర్యం. కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్, అందులో "గ్రాంట్ యాక్సెస్ టు యువర్ అకౌంట్". వాళ్లు మీ మెయిల్ చదవగలరు, జవాబివ్వగలరు, పాస్‌వర్డ్ మార్చలేరు. ఆహ్వానం వారంలోపు ఒప్పుకోకపోతే మళ్లీ పంపాలి. కానీ ఆ మెయిల్‌కే పాస్‌వర్డ్ రీసెట్ లింకులు వస్తుంటే? మెయిల్ తాళం ఇచ్చారంటే మిగతా తాళాలన్నీ ఇచ్చినట్టే. ఆర్డర్లకి ఒక మెయిల్, లాగిన్‌లకి ఇంకో మెయిల్ పెట్టుకుని, మొదటిది మాత్రమే డెలిగేట్ చేయండి.

వాట్సాప్‌లో ఈ అంచెలేమీ లేవు. ఫోన్‌కి తోడు 4 పరికరాలు లింక్ చేయొచ్చు, కానీ లింక్ అయిన మనిషికి అన్ని చాట్‌లూ కనిపిస్తాయి. సొంత నంబరూ షాపు నంబరూ ఒకటే అయితే మీ ఆడపడుచుతో గొడవ కూడా వీఏకి తెలుస్తుంది. నంబర్ వేరు చేయకుండా వీఏని పెట్టకండి. దూరంగా ఉన్న మనిషికి క్యూఆర్ స్కాన్ కష్టం కాబట్టి ఫోన్ నంబర్‌తో లింక్ చేసే పద్ధతి ఉంది. వాళ్ల స్క్రీన్ మీద 8 అక్షరాల కోడ్ వస్తుంది, మీరు మీ ఫోన్‌లో కొట్టాలి. వీఏతో కాల్‌లో ఉన్నప్పుడు మాత్రమే కొట్టండి. మామూలుగా ఎవరైనా కోడ్ పంపి కొట్టమంటే అది మోసమే. మెయిన్ ఫోన్ 14 రోజులు వాడకపోతే లింక్‌లు వాటంతటవే ఊడిపోతాయి, ఊరెళ్లేటప్పుడు గుర్తుంచుకోండి.

బ్యాంకు, యూపీఐ పిన్, జీఎస్టీ పోర్టల్, ఈ మూడూ ఎవరికీ ఇవ్వొద్దు. సేల్స్ షీట్ వీఏ తయారుచేస్తుంది. నెలనెలా జీఎస్టీ రిటర్న్‌లు వేసేవాళ్లయితే 11కి జీఎస్టీఆర్-1, 20కి 3బీ మీ ఆడిటర్ వేస్తారు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం కస్టమర్ల వివరాలకి జవాబుదారీ మీరే, వీఏ ఏజెన్సీ కాదు. వాళ్లతో ఒప్పందం ఉండాలి. మాకిచ్చిన ఒప్పందంలో డేటా గురించి ఒక్క వాక్యం లేదు, స్క్రీన్‌షాట్ ట్రాకింగ్ గురించి అరపేజీ ఉంది. ఫ్రీలాన్స్ పనుల సైట్ అప్‌వర్క్‌లో వర్క్ డైరీ కూడా 10 నిమిషాలకొక స్క్రీన్‌షాట్ తీస్తుంది కదా, ఇదీ అలాంటిదే. ఆ బొమ్మల్లో ఉండేది మీ కస్టమర్ల అడ్రస్‌లే!

బిల్లు సంగతి త్వరగా. ఈ ప్లాన్‌లో 15 నిమిషాల లెక్క. రెండు నిమిషాల జవాబుకీ 15 నిమిషాలే. చెదురుమదురుగా ఆరు జవాబులంటే గంటన్నర పోయినట్టు, చేసిన పని 12 నిమిషాలు. 6కి ఒకసారి, 8కి ఒకసారి, 9:30కి ఒకసారి అని కట్టగట్టి పని ఇవ్వండి. గంటకి 250 చొప్పున 80 గంటలు అనుకుంటే 20,000, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 23,600. మీరు రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే ఆ 3,600 ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని, మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. చిన్న వ్యాపారాల కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే రాదు. మిగిలిన గంటలు వచ్చే నెలకి రావు.

మార్కులు: ఆ అమ్మాయికి పదికి తొమ్మిది. ప్లాన్‌కి నాలుగు. నాలుగో లైన్ తీసేసి, ఒప్పందంలో డేటా మాట చేరిస్తే ఏడు ఇస్తాను.

ఇదిగో, స్క్రీన్ చూడండి. టెస్ట్ ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగ్స్, లింక్డ్ డివైసెస్. ట్రయల్ అయిపోయి నాలుగు రోజులైంది. జాబితాలో ఇంకా ఉంది: గూగుల్ క్రోమ్, విండోస్, చివరిగా వాడింది ఈరోజు పొద్దున 10:12. మన షిఫ్ట్ సాయంత్రం 6కి కదా మొదలయ్యేది! ఎవరు తెరిచారో అడుగుతూ ఏజెన్సీకి మెయిల్ పెట్టాం, జవాబొస్తే పిన్ కామెంట్‌లో పెడతాను. ఇప్పుడైతే దాని మీద నొక్కి, లాగౌట్.