బిల్డింగ్ వెనక మనుషుల్ని చూపించే పుస్తకాలు

అందరికీ నమస్కారం. ఈరోజు ఆర్కిటెక్టుల జీవితాల మీద వచ్చిన పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. వీటిలో రెండు రకాలున్నాయండి. ఒకటి పెద్ద సైజులో, నున్నటి పేపర్ మీద, అన్నీ ఫోటోలతో వచ్చేది, వేలు పోసి కొంటాం, రెండుసార్లు తిరగేసి షెల్ఫ్‌లో పెట్టేస్తాం, అందులో బిల్డింగ్ ఉంటుంది గానీ మనుషులుండరు, ఎండ ఉంటుంది గానీ వాన ఉండదు. రెండోది ఆ బిల్డింగ్‌కి డబ్బులెవరిచ్చారు, కట్టేటప్పుడు ఏం గొడవలయ్యాయి, ఆర్కిటెక్ట్ ఇంట్లో పరిస్థితి ఏంటి, ఇవన్నీ చెప్పేది. నాకు ఈ రెండో రకమే ఇష్టం, బిల్డింగ్ అలా ఎందుకుందో తెలిసేది ఇవి చదివితేనే.

ఆర్కిటెక్ట్ లారీ బేకర్ సంగతే తీసుకోండి. ఈయన మీద గౌతమ్ భాటియా రాసిన పుస్తకం 1991లో వచ్చింది, భాటియా కూడా ఆర్కిటెక్టే, బేకర్ సొంత రాతలు కూడా అందులో చేర్చాడు. బేకర్ 1917లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు, యుద్ధం రోజుల్లో చైనా వెళ్ళి కుష్ఠు రోగులకి సేవ చేశాడు, ఇంటికి తిరిగెళ్తూ ఓడ కోసం బొంబాయిలో ఆగాల్సొచ్చి అక్కడ గాంధీగారిని కలిశాడు, 1945లో మళ్ళీ ఇండియా వచ్చేశాడు, వచ్చిన పని ఒక కుష్ఠు సంస్థ తరఫున కుష్ఠు ఆశ్రమాలని ఆస్పత్రులుగా మార్చడం.

ఇక్కడ మనకి దగ్గర విషయం ఒకటుంది. ఆయన పెళ్ళి చేసుకున్న ఎలిజబెత్‌గారు డాక్టరు, కేరళ ఆవిడ, అదే కుష్ఠు సంస్థ తరఫున మన హైదరాబాద్‌లో పనిచేసేవారు. పెళ్ళికి ఇంట్లో ఒప్పుకోలేదు, ఆగి ఆగి 1948లో చేసుకున్నారు, చేసుకుని హిమాలయాల్లో పితోరాగఢ్ వైపు వెళ్తే అక్కడ డాక్టరమ్మ వచ్చిందని తెలిసి జనం క్యూ కట్టేశారు, ఇంక కదల్లేకపోయారు, పదహారేళ్ళు అక్కడే. ఈవిడ రాసిన జ్ఞాపకాలు 2007లో పుస్తకంగా వచ్చాయి, పేరు ‘ది అదర్ సైడ్ ఆఫ్ లారీ బేకర్’. నేనైతే భాటియా పుస్తకం, ఇదీ పక్కపక్కన పెట్టుకుని చదవమంటాను. ఎందుకంటే రాయి, మట్టి, దగ్గర్లో దొరికే కర్రతో కట్టడం బేకర్ నేర్చుకుంది ఆ కొండల్లోనే, ఆవిడ ఆస్పత్రి లేకపోతే ఆయన అక్కడ అన్నేళ్ళు ఉండేవాడా చెప్పండి? ఆవిడ వైద్యం లేకుండా ఆయన ఆర్కిటెక్చర్ లేదు, ఈ మాట ఏ ఫోటోల పుస్తకమూ చెప్పదు.

సరే, ఆయన కట్టే గోడ దగ్గరికి వద్దాం. రాట్ ట్రాప్ బాండ్ అంటారు దాన్ని. మన మేస్త్రులు ఇటుకని పడుకోబెట్టి కడతారు కదా, ఇందులో అంచు మీద నిలబెడతారు, ఇవతల మూడంగుళాలు, అవతల మూడంగుళాలు, మధ్యలో మూడంగుళాల ఖాళీ, మొత్తం తొమ్మిదంగుళాల గోడే వస్తుంది, కానీ ఇటుకలు పాతిక శాతం దాకా తగ్గుతాయి, ఆ ఖాళీలో గాలి ఉంటుంది కాబట్టి ఎండ వేడి లోపలికి తొందరగా రాదు. ప్లాస్టరింగ్ చెయ్యరు, కాబట్టి ఇటుక పని నీట్‌గా రావాలి, మేస్త్రి చెయ్యి అక్కడే తెలిసిపోతుంది. బేకర్ రోజూ సైట్‌లోనే ఉండేవాడు, డిజైనూ ఆయనదే, కట్టించేదీ ఆయనే, పాత కవర్ల వెనక బొమ్మలు గీసేవాడు. త్రివేండ్రంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ అలా కట్టిందే.

లూయీ కాన్ కథ వేరు, చదివితే మనసు బరువెక్కుతుంది. అహ్మదాబాద్ ఐఐఎం కట్టిన ఆయన 1974 మార్చిలో అక్కడినుంచి తిరిగెళ్తూ న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో గుండెపోటుతో పోయాడు, కొన్ని రోజులు ఇంట్లోవాళ్ళకి కబురే అందలేదు, అప్పులు మిగిలాయి, ముగ్గురు స్త్రీలతో ముగ్గురు పిల్లలు. వెండీ లెసర్ రాసిన ‘యూ సే టు బ్రిక్’ ఈ చావుతో మొదలై చివరికి బాల్యం దగ్గర ఆగుతుంది, అంత గొప్ప గోడలు కట్టిన మనిషి ఇల్లు అలా చెదిరిపోయిందేంటని బాధేస్తుంది, అయినా రచయిత్రి తీర్పు చెప్పే పని పెట్టుకోలేదు, అది నాకు చాలా నచ్చింది.

ఆర్కిటెక్టులు తమ గురించి తామే రాసుకున్నవి మాత్రం కాస్త జాగ్రత్తగా చదవాలి. అమెరికా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆత్మకథ 1932లో వచ్చింది, చదువుతుంటే వదలబుద్ధి కాదు, కానీ ఆయన పుట్టింది 1867 అయితే చెప్పుకుంది 1869!

మనం రోజూ ఈసీఐఎల్ బస్సెక్కుతాం, ఆ ఈసీఐఎల్ ఆఫీసు బిల్డింగ్ డిజైన్ చేసింది బాలకృష్ణ దోషి, ఆర్కిటెక్చర్‌లో అన్నిటికంటే పెద్ద బహుమతి అనుకునే ప్రిట్జ్‌కర్ ప్రైజ్ అందుకున్న మొదటి భారతీయుడు, 2018లో. కాన్‌ని అహ్మదాబాద్ పిలిపించిందీ ఆయనే. ఇలాంటి బిల్డింగుల దగ్గర పనిచేసిన ఇంజనీర్లు, మేస్త్రులు మన మధ్యే ఉంటారు, పెద్దవాళ్ళయిపోతున్నారు, ఇక్కడున్న కుర్రాళ్ళు ఫోన్‌లో రికార్డ్ చేసైనా సరే వాళ్ళ మాటలు తెలుగులో రాసిపెట్టాలి, ఇది నేను చేతులు జోడించి అడుగుతున్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే బేకర్ రాసిన చిన్న బుక్‌లెట్లతో మొదలుపెట్టండి, ఖర్చు తగ్గించి ఇల్లు కట్టడం మీద రాసినవి, బొమ్మలే ఎక్కువ, ఒక్క సాయంత్రంలో అయిపోతాయి. ఇల్లు కట్టించే ఆలోచనలో ఉన్నవాళ్ళయితే ఆ గోడ బొమ్మ మీ మేస్త్రికి చూపించి, ఇలా కట్టగలవా అని అడగండి.