అలారం ఉన్న ఇంట్లో అవ్వ నిద్రపోవాలి

(తిరుపతిలో ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న అమ్మలకు, వెనక నిలబడిన అన్నదమ్ములకు నమస్కారం. శాలువాలు, ఫొటోలు చివర్లో పెట్టుకుందామని అధ్యక్షుల వారిని అడిగాను. ఒప్పుకున్నారు, సంతోషం.

ఇళ్లకు అలారాలు బిగించేవాణ్ని కదా, ఇంటికి అలారం ఎట్లా వాడాలి, ఎట్లా చూసుకోవాలి అన్నది చెప్పమన్నారు. చెప్తాను. కానీ ముందు ఒక అవ్వ సంగతి చెప్పనివ్వండి. మైకు చేతికిస్తే ఆ సంగతే చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

గంగమ్మ జాతర రోజులు. మన ఊళ్లోనే ఒక ఇల్లు. అవ్వ ఒక్కతే ఉంటుంది, కొడుకు అమెరికాలో. ఆయనే ఫోన్ చేశాడు. "అన్నా, అలారం పెట్టించినాను. అమ్మ రోజూ ఆఫ్ చేసేస్తా ఉంది. ఏంది సమస్యో చూడన్నా" అన్నాడు. బిగించింది వేరేవాళ్లు. పోయి చూశాను. అలారాన్ని నడిపే పెట్టె, అదే ప్యానెల్, బాగుంది. అలికిడి పట్టే సెన్సర్లు బాగున్నాయి, సైరన్ బాగుంది. "ఎందుకమ్మా ఆఫ్ చేస్తున్నారు?" అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: "రాత్రి బాత్రూముకు పోవాలంటే హాల్లో నుంచే పోవాల నాయనా. నడిస్తే అది మొత్తుకుంటాది. వీధంతా లేస్తారు. సాయంత్రం అయినాక నీళ్లు తాగేదే మానుకున్నా. షుగరు మనిషిని, ఎన్నాళ్లు తట్టుకుంటా? అందుకే ఆపేస్తి."

మే నెల అమ్మా! మన ఊరి ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? ఆ ఎండలో పెద్దామె గొంతు తడుపుకోకుండా పడుకునింది. ఎందుకు? ఒక్క బటన్ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు గనక.

ఆ బటన్ గురించి చెప్తాను, వినండి. దాదాపు ప్రతి అలారంలోనూ రెండు రకాల కాపలా ఉంటుంది. ఇంటికి తాళం వేసి పోయేటప్పుడు పెట్టేది ఒకటి. అప్పుడు తలుపుల దగ్గరున్నవీ, హాల్లో కదలికను పట్టేవీ అన్నీ మేలుకుని ఉంటాయి. ఇంట్లో ఉండి పడుకునేటప్పుడు పెట్టేది రెండోది. అప్పుడు తలుపులు, కిటికీల దగ్గరవి మాత్రమే కాపలా కాస్తాయి, హాల్లోది ఊరుకుంటుంది. మనం లేచి తిరగొచ్చు, నీళ్లు తాగొచ్చు, బాత్రూముకు పోవచ్చు. తలుపో, కిటికీనో తీస్తేనే మోగుతుంది. ఆమె కీప్యాడ్ మీద దానికి ఇల్లు బొమ్మ ఉంది. ఆమె చేతనే నొక్కించాను. హాల్లోకి నడవమన్నాను. రెండడుగులు వేసి సెన్సర్ కింద ఆగి పైకి చూసింది. దాని చిన్న ఎర్రలైటు మినుక్కుమంది. సైరన్ మోగలేదు. ఇంకోసారి అటూ ఇటూ నడిచి, వంటింట్లోకి పోయి గ్లాసు నీళ్లు తాగి వచ్చింది. కీప్యాడ్ పక్కన తెలుగులో పెద్దక్షరాలతో కాగితం అంటించాను: "పడుకునే ముందు ఇల్లు బొమ్మ. బయటికి పోతే తాళం బొమ్మ."

బిగించేవాళ్లందరికీ నా మనవి. నా వృత్తిలోని వాళ్లే, అయినా అంటున్నాను. డబ్బు కట్టింది అమెరికాలో ఉన్న కొడుకు కావచ్చు, ఆ ఇంట్లో పడుకునేది ఆమె. యాప్ కొడుక్కి చూపించి వెళ్లిపోతే ఎట్లా? మీరూ వినండి: ఇంట్లో ఉండే మనిషి తన చేత్తో పెట్టి, తన చేత్తో తీసి చూపించేదాకా మిగతా డబ్బు ఇవ్వొద్దు.

సరే, చూసుకోవడం. ఊరికే మోగే సైరన్‌కు ఎవరూ లేవరు. మొదటి రోజు వీధంతా వస్తుంది, నాలుగోసారికి "ఆ ఇంట్లో బల్లి లెండి" అని అటు తిరిగి పడుకుంటారు. నిజంగానే బల్లి కావచ్చు. హాల్లో ఉండే సెన్సర్ కదిలే వేడిని పడుతుంది. దాని అద్దం మీద పురుగు పాకినా, సాలీడు గూడు కట్టినా మోగొచ్చు. పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. వైరు పోయే రంధ్రాన్ని సిలికాన్‌తో మూయించండి, చీమలు అందులోనుంచే దూరతాయి. ఎండ పడే కిటికీకి ఎదురుగా పెట్టొద్దు. ఇంకో సంగతి, నడి వేసవిలో గది వేడి మన ఒంటి వేడికి దగ్గరైతే దానికి మనిషి సరిగా కనబడడు. అందుకని ఒక్క హాలు సెన్సర్‌ను నమ్ముకోకుండా తలుపులకు అయస్కాంతం బిళ్లలు తప్పకుండా పెట్టించండి, తలుపు తీస్తే అవి ఒకదానికొకటి దూరమై అలారం మోగుతుంది. వానల్లో కొయ్య తలుపులు ఉబ్బుతాయి, బిళ్లల మధ్య ఎడం పెరుగుతుంది. అప్పుడు అవీ ఊరికే మోగుతాయి, సరిచేయించుకోవాలి.

బ్యాటరీ. ప్యానెల్ లోపల మామూలుగా 12 వోల్టులది ఉంటుంది, 3 నుంచి 5 ఏళ్లు వస్తుంది. మన వేడికి ముందే పోవచ్చు. 2021 నవంబరు వరద గుర్తుంది కదా? కరెంటు లేని రాత్రి అలారం ఆధారపడేది దాని మీదే. నెలకోసారి మెయిన్ ఆపి, సైరన్ మోగుతుందో లేదో చూడండి. సిమ్‌తో మనకు ఫోన్ చేసే ప్యానెల్ అయితే రీచార్జి మరవొద్దు. వాడకం లేకుండా, బ్యాలెన్స్ లేకుండా 90 రోజులు దాటితే ఆ నంబరు రద్దయ్యే ప్రమాదం ఉంది. దొంగ పడిన రోజు ఫోన్ రాదు.

అలారం ఆపే కోడ్ సంగతి మన తిరుపతి వాళ్లకు ప్రత్యేకం. దర్శనానికి చుట్టాలు రాని ఇల్లు మన ఊళ్లో ఉందా? తెల్లవారుజామున కొండకు పోతారని కోడ్ చెప్తాం. వాళ్ల డ్రైవరూ వింటాడు. తప్పని నేననను, చుట్టాలను వద్దనలేం. కానీ చాలా ప్యానెళ్లలో అతిథులకు వేరే కోడ్ పెట్టుకోవచ్చు, వాళ్లు వెళ్లగానే తీసేయొచ్చు. ఇక 1234 ఉన్నవాళ్లు ఈ రాత్రే మార్చండి.

ఊరికి పోతుంటే, తాళం వేసిన ఇళ్లను కనిపెట్టుకునే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో నమోదు చేసుకోండి. తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెడతారు, రుసుము లేదు. ఇల్లు విడిచి పోయేవాళ్లకు అది మంచి సాయం.

కానీ నా బాధంతా పోయేవాళ్ల గురించి కాదు, ఉండేవాళ్ల గురించి. అదే అవ్వ ఇంట్లో అత్యవసర రిమోటు కూడా ఉంది. ఒక్క నొక్కు నొక్కితే సైరన్ మోగుతుంది. ఎక్కడుంది? పోతుందేమోనని బీరువాలో, పట్టుచీరల కింద! బాత్రూములో జారిపడితే బీరువా దాకా పోగలదా? మెడలోనో, దిండు కిందో, చేతికందే చోట ఉండాలి. మోగించినప్పుడు ఎదురింటివాళ్లు రావాలి. దొంగలుండొచ్చు, ఎవరూ ఒంటరిగా లోపలికి పోవద్దు. నలుగురు కలవండి, బయటి నుంచి పేరు పెట్టి పిలవండి, 112కి ఫోన్ చేయండి. కానీ ఇంట్లో పడుకుని "బల్లి లెండి" అనుకోవద్దు, మీకు దండం పెడతాను.

అధ్యక్షుల వారూ, ఒక్కటి అడుగుతాను. వచ్చే ఆదివారం పొద్దున 11 గంటలకు మన కాలనీలో సైరన్లన్నీ ఒక్కో ఇల్లు వరసన మోగించి చూద్దాం. వీధిలో అందరికీ ముందే చెప్పండి, ఎవరూ కంగారుపడకుండా. పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్న ఇళ్లకు ముందు నేనే వస్తాను, చార్జీ తీసుకోను. ఆ ఇళ్లు తెలిసినవాళ్లు మైకులో చెప్పొద్దు, ఇట్లా పక్కకు వచ్చి నాకు చెప్పండి. రాసుకుంటాను.