ఇంటి పేరు గడి ఖాళీగా వదిలేస్తే

(చైనాలోని యీవూ నగరంలో ఉగాది కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీది పెద్దలకీ, పొద్దున్నే నాలుగింటికి లేచి పులిహోర కలిపిన వదినలకీ, వేపపువ్వు దొరక్కపోతే కాకరకాయ తరుగు వేసి పచ్చడి కానిచ్చిన తమ్ముళ్ళకీ మరీ మరీ నమస్కారం. ఊళ్ళో మనవాళ్ళందరం కలిసినా ఈ హాలు సగమే నిండింది. అయినా సంతోషమే.

నన్ను పది నిమిషాలు ‘పరాయి దేశంలో మన సంస్కృతి’ మీద మాట్లాడమన్నారు. రాసుకునే వచ్చాను, కాగితం జేబులో ఉంది. కానీ పోయిన వారం ఒక కుర్రాడు ఫోన్ చేసి, ‘అన్నా, మా ఆవిడకి ఏడో నెల, పేపర్ల సంగతి డెలివరీ అయ్యాక చూసుకోవచ్చు కదా’ అన్నాడు. వాళ్ళావిడ కూడా మా ఆవిడలాగే ఇక్కడి అమ్మాయే. కుర్రాడు ఈ హాల్లోనే ఉన్నాడు, పేరు చెప్పను, వెనక్కి తిరిగి వెతక్కండి. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు సంస్కృతి మీద ధ్యాస లేదు.

డెలివరీ అయ్యాక కాదు నాయనా. ఇవాళే. ఇంటికెళ్ళి పాస్‌పోర్టు తీసి, ఇంటి పేరు గడిలో ఏముందో చూడు.

నా పాస్‌పోర్టు కాకినాడలో ఒక ఏజెంటు నింపాడు. ఆ మహానుభావుడు ఇంటి పేరు గడి ఖాళీగా వదిలేసి, ఇంటి పేరూ, తాతగారి పేరూ, నా పేరూ అన్నీ కలిపి రెండో గడిలో రైలుపెట్టెల్లా తగిలించేశాడు. ఇలాంటివి మనలో ఎంతమందికి ఉన్నాయి? చేతులెత్తండి. చూశారా! నిజానికి చైనావాళ్ళకీ మనకీ పద్ధతి ఒకటే, ఇంటి పేరే ముందు. అంతా చక్కగా కుదరాలి. కానీ ఏది ఇంటి పేరో, ఏది సొంత పేరో తెలియని ఆ రైలుని చైనీస్‌లోకి మార్చమని అనువాదం షాపులో ఇస్తే, ఏ పెట్టె ఇంజనో వాళ్ళకి మాత్రం ఏం తెలుస్తుంది?

పెళ్ళి రిజిస్ట్రేషన్ అప్పుడు ఒక షాపువాళ్ళు నా పేరులోని ‘వెంకట’ని ‘వెన్-కా-తా’ అని రాశారు. ఎర్ర పెళ్ళి పుస్తకంలో అదే ఎక్కింది. రెండేళ్ళ తర్వాత పాప పుట్టినప్పుడు ఆసుపత్రివాళ్ళు పాస్‌పోర్టు అనువాదం మళ్ళీ అడిగారు. పాత షాపు ఎత్తేశారు. ఇంకో షాపులో ‘వెయ్-కా-తా’ అని రాసి, పైగా పేరుని అటు చివర్నుంచి మొదలెట్టారు. నేను చైనీస్ మాట్లాడతాను గానీ చదవడం అంతంత మాత్రం, సంతకం పెట్టేశాను. మా ఆవిడ అప్పుడు చూసే స్థితిలో లేదు.

ఆ రెండు కాగితాలూ పట్టుకుని, పాపని మా ఆవిడ హుకౌలో ఎక్కించడానికి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. హుకౌ అంటే ఇంటిల్లిపాదీ పేర్లుండే పుస్తకం, మన రేషన్ కార్డుకి పెద్దన్న లాంటిది. అది లేకపోతే ఇక్కడ బడీ, వైద్య బీమా అన్నీ తిప్పలే. కౌంటర్లో ఉన్నావిడ రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద పెన్ను ఆనిస్తూ చదివింది. తలెత్తి మా ఆవిడని, చాలా మర్యాదగా, మెల్లగా అడిగింది: ‘మీ భర్త వచ్చారు సరే, బిడ్డ తండ్రి రాలేదేం?’

పాప నా చేతుల్లోనే ఉంది. నా చొక్కా మీద పాలు కక్కి ఉంది.

వెనకాల్నుంచి మా అత్తగారు ‘పిల్ల ముక్కు చూడమ్మా, ముక్కు!’ అని అరిచింది. లైన్లో ఉన్నవాళ్ళంతా వంగి వంగి ముక్కు చూశారు. ముక్కు మీద సీలు వెయ్యరు కదండీ. చివరికి ‘వెన్-కా-తా, వెయ్-కా-తా ఇద్దరూ ఒక్కడే’ అని నోటరీ ఆఫీసులో సర్టిఫికెట్ రాయించుకున్నాను. మూడు వారాలు పట్టింది. మీరు నవ్వుతున్నారు గానీ, నేను ఒక్కడినే అని ఋజువు చేసుకోవడానికి నాకు అప్పట్లో ఏడుపొచ్చింది.

పేరంటే గుర్తొచ్చింది. మనకి ఇరవై ఒకటో రోజు బారసాల. ఇక్కడ బిడ్డ పేరు రాసిస్తే తప్ప ఆసుపత్రివాళ్ళు పుట్టిన సర్టిఫికెట్ ఇవ్వరు, ఒకసారి ప్రింటయ్యాక మార్చడం మహా కష్టం. హుకౌలో అయితే చైనీస్ అక్షరాలే ఉండాలి. మా అమ్మ రాజమండ్రి నుంచి ఫోన్ చేసి ‘అశ్విని మూడో పాదం నాన్నా, చో అక్షరం రావాలి’ అంది. చైనీస్‌లో ‘చో’ అంటే కంపు! మా అత్తగారు ఫోన్ లాక్కున్నంత పని చేసింది. పోనీ నాలుగో పాదం అనుకుందాం అంటే ‘లా’. దాని అర్థం భోజనాల ముందు చెప్పకూడదు. చివరికి హుకౌలో ఒక పేరు, బియ్యంలో రాసింది ఇంకో పేరు.

అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు. రెండు నిమిషాలండీ, అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

1980 చైనా పౌరసత్వ చట్టం ప్రకారం ఇక్కడ పుట్టిన బిడ్డకి తల్లిదండ్రుల్లో ఒక్కరు చైనా పౌరులైనా చాలు, బిడ్డా చైనా పౌరురాలే. మీరు అడగక్కర్లేదు, ఫారం నింపక్కర్లేదు. అదే చట్టం రెండో పౌరసత్వాన్ని ఒప్పుకోదు. మన 1955 చట్టంలో నాలుగో సెక్షన్ కింద, విదేశంలో పుట్టిన బిడ్డని ఏడాదిలోపు మన కాన్సులేట్‌లో నమోదు చేయించొచ్చు, కానీ బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. ఇండియా పాస్‌పోర్టు తీసుకున్నా, చైనావాళ్ళు అందులో వీసా కొట్టరు, వాళ్ళ లెక్కలో బిడ్డ వాళ్ళదే. దేశం దాటాలంటే పోలీసులిచ్చే ప్రయాణ పర్మిట్ తీసుకోవాలి. ‘రెండూ పెట్టుకో, ఎవరడుగుతారు’ అని చెవిలో చెప్పే ఏజెంట్ల మాట వినకండి. రేపు సంతకం మీది, ఏజెంటుది కాదు.

ఇంకోటి, 2023 నవంబర్ 7 నుంచి చైనాలో అపోస్టిల్, అంటే ఒక దేశం కాగితం ఇంకో దేశంలో చెల్లడానికి వేసే ముద్ర, నడుస్తోంది, ఒక్క స్టాంపుతో పని అయిపోతుందని సంబరపడకండి. ఇండియాకీ చైనాకీ మధ్య అది చెల్లదు. మనకి పాత స్టాంపుల యాత్రే.

మేం హుకౌ, అంటే చైనా పౌరసత్వమే, ఎంచుకున్నాం. పిల్ల పెరిగేది ఇక్కడ, అమ్మమ్మ ఇక్కడ. ఆ సంగతి చెప్తే మా నాన్న ఫోన్లో చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘అయితే పిల్ల మనది కాదన్నమాట’ అన్నారు. నాన్నా, కాగితం వేరు, మనిషి వేరు అని ఏదో చెప్పాను. ఆయన నమ్మలేదు. నాకూ గట్టిగా చెప్పడం చేతకాలేదు.

పోనీ చైనా బిడ్డకి తండ్రినని నాకేమన్నా ఒరిగిందా? ఉద్యోగం పోతే కుటుంబం పేరు మీద ఉండనిస్తారు, ఆ పర్మిట్ మీద పని చెయ్యనివ్వరు. డైపర్లు ఎవరు కొంటారో మరి.

పాపకి రెండేళ్ళప్పుడు బ్యాంకాక్ మీదుగా ఊరెళ్ళాం, అప్పటికి నేరు విమానాలు లేవు. ఇక్కడ బయల్దేరేటప్పుడు నేనొక్కడినే విదేశీయుల లైన్లో, తల్లీకూతుళ్ళు అవతల. హైదరాబాద్‌లో దిగితే నేనొక్కడినే మనవాళ్ళ లైన్లో, వాళ్ళు వీసా కాగితాలతో విదేశీయుల లైన్లో. పాప తాడు కిందనుంచి దూరి నా దగ్గరికి వచ్చేసింది. ఆఫీసరు తెలుగాయనే, ‘ఎవరి పాపండీ’ అన్నాడు. ఆసారి సర్టిఫికెట్ అడగలేదు లెండి.

సరే సరే, దిగుతున్నాను. ఏడో నెల తమ్ముడూ, భోజనాలయ్యాక పాస్‌పోర్టూ, పెళ్ళి పుస్తకమూ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి రా. ఇందాక చేతులెత్తినవాళ్ళు కూడా. చైనీస్ చదవడానికి మా ఆవిడ కూర్చుంటుంది, నన్ను నమ్ముకోకండి.