ఇద్దరే వచ్చిన వారం

వ్యాఖ్యాత: నమస్కారం. చిన్న ఊళ్లో వారం వారం శాంతి కోసం మౌనంగా నిలబడటం గురించి ఈ రోజు చర్చ. ముగ్గురు అతిథులున్నారు. చరిత్ర అధ్యాపకురాలితో మొదలుపెడదాం. మేడమ్, ఈ పద్ధతి ఎక్కడిది?

అధ్యాపకురాలు: ఒక్క చోటు చూపించలేం. 1955 నుంచే దక్షిణాఫ్రికాలో బ్లాక్ సాష్ అనే సంఘం మహిళలు భుజం మీదుగా నల్లపట్టీ వేసుకుని నిశ్శబ్దంగా నిలబడేవారు. వారం వారం నిలబడే ఆనవాయితీ చాలా దేశాలకు పాకింది మాత్రం జెరూసలేం నుంచి. 1988 జనవరిలో, పాలస్తీనీయుల తిరుగుబాటు మొదలైన కొద్ది వారాలకే, కొందరు ఇజ్రాయెలీ స్త్రీలు నల్లబట్టలతో ఒక కూడలిలో నిలబడ్డారు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకు. చేతిలో నల్లటి అరచేయి ఆకారంలో అట్ట, దాని మీద తెల్లగా ‘ఆక్రమణ ఆపండి’ అని. ఆ వేళకు ఊరంతా సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, సరుకుల కోసం వీధిలోనే ఉంటుంది. ఆ వేళను ఎంచుకోవడంలోనే వాళ్ల తెలివి ఉంది.

న్యాయవాది: నాకొక సందేహం. రాజధానిలో నిలబడితే కెమెరాలు వస్తాయి. చిన్న ఊళ్లో ఎవరు చూస్తారు? దానివల్ల యుద్ధం ఆగుతుందా?

విశ్రాంత ఉపాధ్యాయిని: ఆగదండీ. ఆ మాట నేనే ముందు ఒప్పుకుంటాను. అమెరికాలో మా అమ్మాయి వాళ్లుండేది చిన్న ఊరు. అక్కడ ప్రతి శనివారం పన్నెండుకి పోస్టాఫీసు ముందు నిలబడతాం. మహానగరంలో మీరెవరో ఎవరికీ పట్టదు. అక్కడ మందుల షాపు ఆయన, మా మనవరాలి బడి బస్సు నడిపే ఆవిడ, అందరూ నన్ను ఎరుగుదురు. శనివారం చేసిన పనికి సోమవారం వాళ్ల ముఖం చూడాలి. నాకు మొదటి నెల కాళ్లు వణికాయి.

వ్యాఖ్యాత: ఎవరైనా తిట్టారా టీచర్ గారూ?

విశ్రాంత ఉపాధ్యాయిని: తిట్టారు. తిరిగి ఒక్క మాట అనకూడదన్నది మా నియమం. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒకరు పక్కన కాగితాలతో ఉంటారు, మిగతావాళ్లం నోరు విప్పం. ఒక వారం విపరీతమైన మంచు. ఇద్దరమే వచ్చాం. అట్ట తడిసి వంగిపోతుంటే గుండెకు ఆనించి పట్టుకున్నాను. ఒక తల్లి దగ్గరికి వచ్చింది. ఆమె కొడుకు సైన్యంలో ఉన్నాడు. ‘మీరు నా బిడ్డ మీద కోపంతో నిలబడ్డారా?’ అని అడిగింది. ఆ రోజు కాగితాల మనిషి లేదు కదా, నేనే అన్నాను, ‘కాదమ్మా, వాడు ఇంటికి రావాలనే’ అని. ఆమె మాతో నిలబడలేదు. కానీ దుకాణంలో కనిపిస్తే ఇప్పుడు చెయ్యి ఊపుతుంది.

న్యాయవాది: ఆ ఒక్క మాట కోసమైతే ఇంటికి వెళ్లి మాట్లాడవచ్చు కదా?

విశ్రాంత ఉపాధ్యాయిని: ఏమని తలుపు తట్టాలండీ? మేం అక్కడ ఉన్నాం కాబట్టి ఆమే వచ్చింది.

అధ్యాపకురాలు: సెర్బియాలోని బెల్‌గ్రేడ్ సంగతి చెప్పాలి. 1991 అక్టోబర్ 9 నుంచి అక్కడి స్త్రీలు నల్లబట్టలతో ప్రతి బుధవారం నిలబడ్డారు. సొంత ప్రభుత్వం చేస్తున్న యుద్ధానికి వ్యతిరేకంగా. ద్రోహులన్నారు. యుద్ధం ఏళ్ల తరబడి సాగింది, అయినా వాళ్లు మానలేదు. ఇస్తాంబుల్‌లో 1995 మే నుంచి పోలీసుల అదుపులో మాయమైన బిడ్డల ఫొటోలతో తల్లులు శనివారాలు కూర్చున్నారు. 2018లో, 700వ వారం నాడు, పోలీసులు చెదరగొట్టారు. ఉత్త కూర్చోవడమే అయితే అంత బలప్రయోగం దేనికి?

న్యాయవాది: అది నన్ను ఆలోచింపజేస్తోంది. ఫలితం గురించి నా సందేహం మాత్రం అలాగే ఉంది.

వ్యాఖ్యాత: టీచర్ గారూ, మీరిప్పుడు హైదరాబాద్‌లో ఉన్నారు. పోయిన శనివారం అమెరికాలో మీ అమ్మాయి వాళ్ల ఊళ్లో ఎవరైనా నిలబడ్డారా?

విశ్రాంత ఉపాధ్యాయిని: ముగ్గురు వచ్చారని ఫోను చేశారు. నా అట్ట ఎవరు పట్టుకున్నారని అడిగాను. నా పక్కన నిలబడే ఆవిడ రెండు చేతుల్లో రెండూ పట్టుకుందట.