మెట్రిక్ తర్వాత, కాలేజీకి ముందు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మెట్రిక్ పాసైన పిల్లలకు అభినందనలు. పనులు మానుకుని వాళ్ల వెంట వచ్చిన అమ్మానాన్నలకు కృతజ్ఞతలు.

ఇప్పుడు మన ఇళ్లలో ఒకటే చర్చ. ఇక్కడే ప్లస్ టూ చదివించాలా, సరిహద్దులోని పాతపట్నం దాటించి ఆంధ్రాలో ఇంటర్‌లో చేర్పించాలా? రెండేళ్లు అటు చదివితే ఇంజినీరింగ్‌కి ఆంధ్రా లోకల్, అంటే అక్కడి స్థానిక అభ్యర్థులు, అయిపోతారని చాలామంది నమ్మకం. అలా కాదు. చదువును బట్టి లోకల్ కావాలంటే, మామూలుగా ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివుండాలి. ఒడిశా కుల ధ్రువపత్రం చూపించి అక్కడ రిజర్వేషన్ అడగలేం. ఫీజు కట్టేముందే ఈ సంగతి తేల్చుకోండి. కట్టాక ఏడ్చిన కుటుంబాలను చూశాను.

ఇంకో చిక్కు పేర్లతో. మన ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడ చివర రాస్తారు. మెట్రిక్ సర్టిఫికెట్లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పాస్‌బుక్కులో ఇంకోలా ఉంటే స్కాలర్‌షిప్ డబ్బు మధ్యలో ఆగిపోతుంది. మెట్రిక్ సర్టిఫికెట్‌ను ఆధారం చేసుకుని మిగతావి ఈ సెలవుల్లోనే సరిచేయించండి.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక పిల్లలకే. హైస్కూల్లో మాస్టారు బోర్డు మీద రాసేవారు, మీరు ఎక్కించుకునేవారు. కాలేజీలో లెక్చరర్ ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోతారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అలవాటైన పిల్లలు మొదటి వారమే బెదిరిపోయి వెనక బెంచీకి చేరతారు. తెలివి తక్కువై కాదు. విని రాసుకోవడం ఎవరూ నేర్పలేదు, అంతే.

నేర్చుకోవచ్చు. యాక్సిలరేషన్ పాఠం జరుగుతోందనుకోండి. ప్రతి వాక్యమూ రాయబోతే రెండో నిమిషానికే వెనకబడిపోతారు. వేగంలో వచ్చిన మార్పును పట్టిన సమయంతో భాగించాలి, ఇది ఒక్క లైను. కింద ఒక లెక్క: సైకిల్ వేగం 5 సెకన్లలో సున్నా నుంచి సెకనుకు 10 మీటర్లకు చేరితే, ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 2 మీటర్ల చొప్పున పెరిగినట్టు. అర్థంకాని చోట పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. ఆ సాయంత్రమే ఆ పేజీని పుస్తకంతో పోల్చండి, గుర్తు పెట్టినవి మర్నాడు అడగండి. తెలుగులోనో ఒడియాలోనో అడిగినా తప్పులేదు. రోజూ ఫోన్లో ఒక ఇంగ్లీషు పాఠం పది నిమిషాలు విని, ఆపేసి, గుర్తున్నది రాయండి. ఇవాళే మొదలుపెట్టండి.

మన ఊరి గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోండి. 1880లో ఇక్కడ రాజావారి బడిలో టీచరుగా చేరారు. ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాషకు అప్పటికి పాఠ్యపుస్తకమే లేదు. సవరలు మాట్లాడుతుంటే విని, రాసుకుని నేర్చుకున్నారు, ఆ పిల్లలకు పుస్తకాలు తయారుచేశారు. ఆయన నడిచిన వీధుల్లోనే మీరూ తిరుగుతున్నారు, పిల్లలూ. ఇంగ్లీషు పాఠమంటే మీకు భయమెందుకు?

హాజరు సంగతి ఒక్క ముక్క: 75 శాతం కంటే తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వకపోవచ్చు. పెళ్లిళ్లకీ జాతర్లకీ పిల్లల్ని తీసుకెళ్లే పెద్దలు ఇది గుర్తుపెట్టుకోండి.

సర్టిఫికెట్లు తెచ్చినవాళ్లు ఇక్కడే ఉండండి. టీ తాగాక ఒక్కొక్కరి పేరూ, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో కలిసి చూద్దాం.