సూదా, మాత్రా? ఎగ్జిమా కొత్త మందులపై ఫోన్-ఇన్

(కర్నూలు స్టూడియో నుంచి వచ్చే ఆరోగ్య కార్యక్రమంలో ఒక భాగం. జవాబులు చెప్పినవారు చర్మవ్యాధుల డాక్టర్. ఫోన్ చేసినవారి పేర్లు తీసేశాం.)

వ్యాఖ్యాత: పోయినసారి ఎగ్జిమా మీద ఫోన్లు ఆగలేదు. సగం మందికి లైనే దొరకలేదు. అందుకే డాక్టర్ గారిని మళ్లీ పిలిచాం. డోన్ నుంచి ఎవరో లైన్లో ఉన్నారు. చెప్పండన్నా.

డోన్: నమస్తే మేడమ్. మావాడికి పంతొమ్మిదేళ్లు. పాలు తాగే వయసు నుంచి ఇదే గోల. మోచేతి మడతలు, మోకాళ్ల వెనక, మెడ... ఇప్పుడు ఒళ్లంతా పాకింది. రాత్రంతా గీరుకుంటాడు, పొద్దున దుప్పటి నిండా రక్తం మరకలు. కాలేజీకి పోనంటున్నాడు. హైదరాబాదులో చూపిస్తే కొత్త మందులు రెండు రకాలున్నాయి, ఒకటి సూది, ఒకటి మాత్ర, ఆలోచించుకుని రండి అన్నారు. టైర్ల షాపు నడుపుకునేవాణ్ణి, నేనేం ఆలోచిస్తా మేడమ్?

డాక్టర్: ఆలోచించొచ్చన్నా, అంత కష్టమేం కాదు. ఇంతవరకూ ఏమేం వాడారు?

డోన్: పూతలకు లెక్కే లేదు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నెలకో సూది వేయిస్తున్నాం. వేసిన పదిరోజులు చర్మం అద్దంలా ఉంటుంది. తర్వాత రెండింతలై వస్తుంది.

డాక్టర్: ఆ సూది పేరు?

డోన్: చీటీ ఎక్కడ రాసిస్తారు మేడమ్!

డాక్టర్: చూడకుండా ఖాయంగా చెప్పను. కానీ మీరు చెప్పే తీరు మాత్రం స్టెరాయిడ్ సూది తీరే. ఎన్నాళ్లుగా?

డోన్: రెండేళ్లు దాటింది.

డాక్టర్: హైదరాబాదు డాక్టర్‌కి ఈ సంగతి చెప్పారా?

డోన్: ...లేదు మేడమ్. తిడతారని.

డాక్టర్: తిట్టినా చెప్పండి. బయటి నుంచి స్టెరాయిడ్ అన్నాళ్లు వెళ్తే ఒంట్లో సహజంగా తయారయ్యేది మందగిస్తుంది. ఒక్కసారిగా మానేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం కూడా జరగొచ్చు. ఎలా మాన్పించాలో చూసుకునే కొత్త మందు మొదలుపెడతారు. సరే, ఇప్పుడు మీ రెండు మందులు. సూది అంటే డుపిలుమాబ్ అయ్యుంటుంది. అమెరికాలో 2017 నుంచి వాడుకలో ఉంది. ఎగ్జిమాలో చర్మానికి మంట పుట్టించే రెండు సంకేతాలు ఉంటాయి, ఇంటర్‌ల్యూకిన్ 4, 13 అని. ఈ సూది ఆ రెండింటినే అడ్డుకుంటుంది, మిగతా రోగనిరోధక శక్తి జోలికి పెద్దగా పోదు. మొదటిరోజు రెండు సూదులు, ఆ తర్వాత రెండు వారాలకొకటి. పొట్ట మీదో తొడ మీదో ఇంట్లోనే వేసుకోవచ్చు, ఇన్సులిన్ వేసుకున్నట్టే.

డోన్: మాత్ర?

డాక్టర్: ఉపడసిటినిబ్, అబ్రోసిటినిబ్ అని ఉన్నాయి. జాక్ ఇన్హిబిటర్లు అంటాం, అంటే మంట సంకేతాలను కణం లోపలికి చేరవేసే జాక్ అనే ఎంజైమ్‌లను అడ్డుకునేవి. ఈ రెంటికీ అమెరికాలో 2022లో ఎగ్జిమాకు అనుమతి వచ్చింది. రోజూ ఒకటి వేసుకోవాలి. వీటి గొప్పంతా వేగంలోనే. నాలుగైదు రోజుల్లోనే నవ, అదే దురద, తగ్గినవాళ్లున్నారు. సూది అలా కాదు, నెల పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. సూదినీ ఉపడసిటినిబ్ మాత్రనూ ఎదురెదురుగా పెట్టి చూసిన ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. 16 వారాలకు జబ్బు ముప్పాతిక భాగం తగ్గినవాళ్లు ఉపడసిటినిబ్ పెద్ద డోసులో నూటికి 71 మంది, డుపిలుమాబ్‌లో 61 మంది.

డోన్: అయితే మాత్రే కదా మేడమ్!

డాక్టర్: అక్కడే ఆగండి. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా?

డోన్: మా నాయనకు వచ్చింది. మూడేళ్లయింది, కోర్సంతా వాడినాడు.

డాక్టర్: వాళ్లిద్దరూ ఒకే ఇంట్లోనా?

డోన్: తాత పక్కనే పడుకునేవాడు మేడమ్, వీడు.

డాక్టర్: చూశారా! మాత్ర మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి, సి, రక్తకణాలు, లివర్, కొలెస్ట్రాల్ అన్నీ చూడాలి. ఒంట్లో నిద్రపోతున్న టీబీని ఈ మాత్ర లేపగలదు. మందు వాడుతున్నన్నాళ్లూ అప్పుడప్పుడూ రక్తపరీక్షలు తప్పవు. సర్పి లేవొచ్చు, ఉపడసిటినిబ్‌తో మొటిమలు, అబ్రోసిటినిబ్‌తో కడుపులో తిప్పడం మామూలే. సూదికి ఇన్ని పరీక్షలు అక్కర్లేదు. దాంతో వచ్చే తంటా కళ్లకు, ఎర్రబడి నీళ్లు కారతాయి. చాలామందికి చుక్కల మందుతో సర్దుకుంటుంది. కడుపులో పురుగులుంటే ముందు వాటికి మందు వేసుకోవాలి. మీవాడి సంగతిలో నా మొగ్గు సూది వైపే, తాత పక్కన పడుకున్న పిల్లాడు కాబట్టి. టీబీ పరీక్ష బాగుండి, నవ భరించలేకపోతుంటే మాత్ర కూడా తప్పేం కాదు.

డోన్: ఖర్చో?

డాక్టర్: అదే అసలు ప్రశ్న. సూది చాలా ఖరీదు, ఏళ్లపాటు వాడాల్సి రావచ్చు. ఆపితే జబ్బు మళ్లీ వచ్చేవాళ్లే ఎక్కువ. రెండు డోసులకు అప్పు చేసి మూడోదానికి ఆగిపోయేట్టయితే మొదలుపెట్టొద్దు. మన కంపెనీలే చేస్తున్న టోఫాసిటినిబ్, బారిసిటినిబ్ అనే జాక్ మాత్రలు చాలా చవక. బారిసిటినిబ్‌కు యూరప్‌లో 2020లో ఎగ్జిమాకు అనుమతి వచ్చింది. టోఫాసిటినిబ్‌కు ఎగ్జిమా అనుమతి లేకపోయినా డాక్టర్లు రాస్తున్నారు. జాగ్రత్తలు మాత్రం అవే. ఇంకా పాత సైక్లోస్పోరిన్ ఉంది. బీపీ, కిడ్నీ చూసుకుంటూ కొన్ని నెలలు ఇస్తే బాగా పనిచేస్తుంది. పాతదని చిన్నచూపు చూడకండి.

వ్యాఖ్యాత: పత్తికొండ దగ్గర పల్లె నుంచి పెద్దాయన.

పత్తికొండ: అమ్మా, నాకు యాభై ఎనిమిది. మూడేండ్లుగా మొగం, మెడ, చేతులు ఒకటే నవ. మా పక్కింటాయన కీళ్లకు టోఫా అని ఏదో మాత్ర వేసుకుంటాడు. మీరిప్పుడు చెప్పిందదే కదా? ఆయన దగ్గర రెండు తీసుకుంటే?

డాక్టర్: వద్దు చిన్నాయనా! చొక్కా కింద వీపు ఎట్లుంది?

పత్తికొండ: శుభ్రంగా ఉంది.

డాక్టర్: కనురెప్పలు?

పత్తికొండ: అవీ మందమై పొలుసులు లేస్తాయమ్మా. వానలు పడి కలుపు లేచినప్పుడు మరీ ఎక్కువ.

డాక్టర్: గట్ల మీద కాంగ్రెస్ గడ్డి ఉందా? వయ్యారిభామ అంటారే.

పత్తికొండ: అది లేని చోటేదమ్మా! నేనే చేత్తో పీకుతాంటా.

డాక్టర్: అదిగో. బట్ట కప్పని చోటే వచ్చింది, కలుపు సీజన్లో ముదురుతోంది. మీది చిన్నప్పటి నుంచి వచ్చే ఎగ్జిమా కాకపోవచ్చు, ఆ గడ్డి అలర్జీ కావచ్చు. దాని పుప్పొడి, ఎండిన ఆకుల దుమ్ము గాల్లో వచ్చి పడినా చాలు. పెద్దాసుపత్రి స్కిన్ ఓపీలో ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. వీపు మీద పట్టీలు అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు, నాలుగోరోజు ఇంకోసారి చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడపకూడదు. బీడీ తాగుతారా?

పత్తికొండ: రోజుకొక కట్ట.

డాక్టర్: అయితే ఆ మాత్ర మీకు అసలే వద్దు. యాభై దాటి గుండెజబ్బు ముప్పున్న కీళ్లవాతం రోగుల్లో టోఫాసిటినిబ్ వాడినప్పుడు గుండెపోటు, రక్తం గడ్డలు, క్యాన్సర్ ఎక్కువ కనిపించాయి. అందుకే 2021లో అమెరికా ఈ జాతి మాత్రలకు గట్టి హెచ్చరిక పెట్టింది. మీ జబ్బు ఆ గడ్డిదే అని తేలితే, అది ముదిరినవాళ్లకు మన దేశంలో ఏళ్లుగా అజాథయోప్రిన్ వాడుతున్నారు, రక్తపరీక్షలు చేయిస్తూ. పొలానికి నిండు చేతుల చొక్కా వేసుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని పొండి. కలుపు వేరేవాళ్లతో తీయించండి.

పత్తికొండ: కూలీలు దొరకాల కదమ్మా...

డాక్టర్: నిజమే. కనీసం ఇంటికి రాగానే స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

వ్యాఖ్యాత: ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరి.

ప్రొద్దుటూరు: మేడమ్, నేను ఎగ్జిమాకు వారానికొకసారి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటున్నాను. పెళ్లయి ఆరు నెలలు. ఇంట్లో పిల్లల గురించి అడుగుతున్నారు. మందు మార్చుకోవాలా?

డాక్టర్: మంచి సమయానికి అడిగారమ్మా. ఈ మందు కడుపులో బిడ్డకు ప్రమాదం. గర్భం కోసం ప్రయత్నించడానికి కొన్ని నెలల ముందే ఆపాలి, అప్పటిదాకా జాగ్రత్త పడాలి. ఈ నెల ఆలస్యమైందా?

ప్రొద్దుటూరు: లేదు మేడమ్.

డాక్టర్: ఈ వారమే మీ డాక్టర్‌ని కలవండి. కొత్త జాక్ మాత్రలూ గర్భంలో వద్దు. డుపిలుమాబ్ మీద గర్భిణులలో సమాచారం ఇంకా తక్కువే, మేలూ కీడూ తూచి నిర్ణయిస్తారు. పూతలు, లైట్ థెరపీ ఉన్నాయి, మరీ అవసరమైతే సైక్లోస్పోరిన్. అత్తగారు అడిగితే డాక్టర్ ఆగమన్నారని చెప్పండి, ఆ మాట నా మీద పెట్టేయండి.

వ్యాఖ్యాత: ఆదోని నుంచి ఒక తల్లి... హలో? లైన్ పోయింది. మూడేళ్ల పాపకు గుడ్డు మాన్పించాలా అని ఆమె ప్రశ్న, మా వాళ్లు రాసుకున్నారు.

డాక్టర్: ఊరికే మాన్పించకండి. తిన్న గంట రెండు గంటల్లో దద్దుర్లో వాంతులో వస్తే అది వేరే, డాక్టర్‌కి చూపించాలి. లేకపోతే గుడ్డు పెట్టండి. స్నానం కాగానే ఒళ్లు తడి ఆరకముందే మాయిశ్చరైజర్ దండిగా రాయండి.

వ్యాఖ్యాత: డోన్ అన్న మెసేజ్ పెట్టారు. "సూది కర్నూల్లో కొని డోన్ తేవాల. కరెంటు పోతే ఎట్లా?"

డాక్టర్: ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో తేవాలి, ఐస్ నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి. ఇంట్లో ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టారో, గడ్డకట్టిందో, ఇక పారేయడమే. గది వేడిలో 14 రోజుల దాకా ఉంచొచ్చని రాసి ఉంటుంది గానీ, వాళ్ల లెక్కలో గది అంటే 25 డిగ్రీల లోపు. మే నెలలో డోన్‌లో అలాంటి గది ఎవరింట్లో ఉందన్నా? కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకండి. వేసుకునే ముందు మాత్రం బయటపెట్టి 45 నిమిషాలు ఆగాలి, వేడినీళ్లలో పెట్టకూడదు. ఇంకోమాట, ఆర్ఎంపీ సూది సంగతి డాక్టర్‌తో చెప్పడం మర్చిపోవద్దు.

వ్యాఖ్యాత: మళ్లీ మెసేజ్ వచ్చింది మేడమ్. "చెప్తా" అంట.